నా అనుభవం: మా సింగడు సన్నబడిన ఏడాది

మా పిల్లి సింగడికి తిండి పెట్టని చేయి మా వీధిలో లేదు. పిల్లి లావెక్కితే అందరం దాని గిన్నె వైపు చూస్తాం. నేను మాత్రం గిన్నె చుట్టూ ఉన్న మనుషుల్ని చూడాల్సి వచ్చింది. బరువు తగ్గించే పని పిల్లితో కంటే ముందు ఇంటివాళ్ళతో, ఇరుగుపొరుగుతో మొదలుపెట్టాలని ఈ ఏడాదిలో నాకు గట్టిగా అర్థమైంది. పిల్లుల్ని పెంచుకునేవాళ్ళకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మాది నెల్లూరు మూలాపేట. మూలస్థానేశ్వరస్వామి గుడికి నడిచి వెళ్ళే దూరంలో పాత మిద్దె ఇల్లు. ఆ వరుసలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి పిల్లికి వీధిలో కాలు పెట్టే అవసరమే ఉండదు. సింగడు పొద్దున ఒకరి పిట్టగోడ మీద, మధ్యాహ్నం ఇంకొకరి పెరట్లో, సాయంత్రానికి మా వంటింటి గడపలో. కూనగా ఉన్నప్పుడు ఇలాగే ఎటో వెళ్ళి ఊరికే తిరిగి వస్తుంటే “సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడు” అనేవారు మా అత్తయ్య. ఆ పేరే నిలిచింది.

అయిదేళ్ళు నిండేసరికి వాడి బరువు 6 కిలోల 800 గ్రాములు. చూసినవాళ్ళందరూ “పులిపిల్లలా ఎంత ముద్దుగా ఉన్నాడో” అనేవారు. నాకు దిగులు పట్టుకున్నది వాడి వీపు చూశాక. తోక మొదట్లో వెంట్రుకలు ఉండలు కట్టి, చుండ్రు రాలుతోంది. పిల్లి ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకునే జీవి. మా వాడు అక్కడిదాకా మెడ తిప్పి ప్రయత్నించి, పొట్ట అడ్డం వచ్చి, పక్కకు ఒరిగిపోయి మానేసేవాడు. అది కళ్ళారా చూశాక ముద్దు అనే మాట నా నోట రాలేదు. పిట్టగోడ మీదికి ఒక్క దూకులో ఎక్కేవాడు కాస్తా ముందు తొట్టి, తొట్టి మీద నుంచి కిటికీ, అక్కడి నుంచి గోడ అన్నట్టు తయారయ్యాడు.

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో చదివి మా ఊళ్ళో వైద్యం చేస్తున్న ఒక డాక్టర్ గారి దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆవిడ తూకం వేయకముందే రెండు చేతులూ వాడి పక్కల మీద ఆనించి, వేళ్ళతో మెల్లగా తడిమారు. తరువాత నా చేతిని బల్ల మీద బోర్లా పెట్టించి, దాని పైభాగాన్ని రెండో చేత్తో తడమమన్నారు. సరైన బరువున్న పిల్లి పక్కటెముకలు అలా తగలాలట. పిడికిలి బిగించి కణుపులు తడిమినట్టు ఉంటే పిల్లి చిక్కిపోయిందని, అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే లావెక్కిందని అర్థం. సింగడి ఎముకలు దొరకాలంటే నేను వేళ్ళు అదిమి వెతకాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనుక నడుము కొంచెం లోపలికి పోవాలి. వాడికి అక్కడే బయటికి ఉబ్బి ఉంది. పశువైద్యులు ఒంటి తీరును 1 నుంచి 9 వరకు అంకెలతో కొలుస్తారు. 5 సరైనది. ఆ పైన ప్రతి అంకెకూ ఉండాల్సిన దానికంటే 10 నుంచి 15 శాతం బరువు ఎక్కువని లెక్క. సింగడికి 8 వేశారు.

రక్తం తీసి షుగరు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఇలాగే వదిలేస్తే షుగరు వ్యాధి, కీళ్ళ నొప్పులు, మగ పిల్లులకు ప్రాణాంతకమైన మూత్రం బిగుసుకుపోవడం, వీటన్నిటికీ అవకాశం పెరుగుతుందన్నారు. పిల్లలు పుట్టకుండా చేయించిన ఆపరేషన్ వల్ల లావెక్కాడేమో అని మావారు అడిగారు. ఆపరేషన్ తరువాత ఒంటికి కావలసిన కేలరీలు తగ్గుతాయి, ఆకలి పెరుగుతుంది. తిండి ఆ మేరకు సర్దుకుంటే చాలు, ఆపరేషన్ చేయించడం మంచి పనే అని ఆవిడ చెప్పారు.

ఆ సాయంత్రం మా చిన్న మామయ్య ఇంటికి వచ్చి, సంగతి విని, “రెండు రోజులు కడుపు మాడిస్తే అదే దిగుతుంది. లంఖణం పరమౌషధం అని ఊరికే అన్నారా?” అన్నారు. మనుషుల సంగతి ఎలా ఉన్నా, పిల్లి విషయంలో ఈ సామెతను దయచేసి ఎవరూ నమ్మకండి. లావుగా ఉన్న పిల్లి తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. దాన్ని వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. కొవ్వు పేరుకుపోయి కాలేయం పని చేయడం మానేస్తుంది, కళ్ళు, చిగుళ్ళు పచ్చబడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఇందుకు రెండు మూడు రోజుల పస్తు చాలు. పిల్లి ఎంత లావుగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. అందుకే బరువు కూడా నింపాదిగానే తగ్గాలి. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి 1 శాతం. సింగడికి అది 35 నుంచి 70 గ్రాములు. నెలరోజుల్లో సన్నబడిపోవాలనే తొందర ఉన్నవాళ్ళు ఈ పని మొదలుపెట్టకపోవడమే నయం.

ఇక లెక్క. వాడి ఎముకల తీరును బట్టి 5 కిలోలు సరైన బరువని డాక్టర్ గారు నిర్ణయించారు. దానికి ఎన్ని కేలరీలో ఫోనులోని కాలిక్యులేటర్‌తోనే తెలుసుకోవచ్చని మా అమ్మాయికి నేర్పారు. 5ను 5తో, మళ్ళీ 5తో హెచ్చిస్తే 125. దానికి వర్గమూలం తీసి, వచ్చినదానికి మళ్ళీ వర్గమూలం తీస్తే 3.34. దాన్ని 70తో హెచ్చిస్తే 234. ఊరికే పడుకున్నా ఆ ఒంటికి రోజుకు కావలసిన కేలరీలు అవి. బరువు తగ్గాలంటే అందులో 80 శాతం, అంటే 187. ఇప్పుడున్న బరువుతో కాకుండా ఉండాల్సిన బరువుతో లెక్క కట్టడం ముఖ్యం. అంతకంటే తగ్గించవద్దని కూడా గట్టిగా చెప్పారు. మామూలు తిండిని మరీ కోసేస్తే మాంసకృత్తులు, విటమిన్లు చాలక కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

ఈ 187 పక్కన మా ఇంటి అలవాట్లు పెట్టి చూశాం. డ్రై ఫుడ్‌ను మేం గింజలంటాం. గింజల గిన్నె రోజంతా నిండుగానే ఉండేది. పొద్దున అత్తయ్య కాఫీ కలుపుకునేటప్పుడు వాడికి గేదెపాలు, మీగడ తరకతో సహా. చేపలు వండిన రోజు అన్నంలో పిసికిన ముద్ద. మా అమ్మాయి ఇంటర్ చదువు కోసం తెల్లవారుజామున లేస్తే, కాళ్ళకు రాసుకుంటున్నాడని గుప్పెడు గింజలు. మావారి భోజనం దగ్గర గుడ్డు ముక్క. పక్కింటి అక్క మధ్యాహ్నం గోడ మీద పెట్టే కూర ముక్క. మైపాడు చేపలు బండి మీద తెచ్చి అమ్మే ఆమె మా గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూర్చుంటే తలలూ పేగులూ వాడికే. గేదెపాలు 100 మిల్లీలీటర్లలోనే దాదాపు 100 కేలరీలు ఉంటాయి. అంటే వాడు పొద్దున కాఫీ వేళకే రోజు కోటాలో సగానికి పైగా తాగేస్తున్నాడు. ఎవరికి వారు పెట్టింది కొంచెమే. ఆ కొంచాలన్నీ కలిపి చూసినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

డాక్టర్ గారు చెప్పిన పంపకం ఇది: మాంసకృత్తులు ఎక్కువగా ఉండే గింజలు 25 గ్రాములు, సుమారు 95 కేలరీలు. తడి ఆహారం, మేం గ్రేవీ అంటాం, 85 గ్రాముల ప్యాకెట్టు ఒకటి, సుమారు 70. మిగిలిన 20 కేలరీలకు ఉడికించిన చేప 20 గ్రాములు. ప్యాకెట్టుకూ ప్యాకెట్టుకూ కేలరీలు మారతాయి కాబట్టి అట్ట మీద చదివి లెక్క వేసుకోవాలి. గ్రేవీలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. కడుపు నిండినట్టు ఉంటుంది, నీళ్ళు సరిగా తాగని జీవికి నీరు కూడా అందుతుంది. చేప ఎంత ఇష్టమైనా పులుసులోంచి తీసి పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. పులుసులో వేయకముందే ఒక ముక్క విడిగా తీసి, ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు ఏరి పెడతాం.

25 గ్రాములను కప్పుతో కొలవవద్దన్నారు. మా అమ్మాయికి నమ్మకం కుదరక అదే కప్పుతో పదేపదే తీసి, వంటింటి డిజిటల్ తూకం మీద పోసి చూసింది. ఒకసారి 23, ఒకసారి 29. ఆరు గ్రాముల తేడా మనకు కంటికి ఆనదు, సింగడికి అది రోజు గింజల్లో నాలుగో వంతు.

అసలు కష్టం అత్తయ్య దగ్గర వచ్చింది. ఆవిడ అల్లూరు దగ్గరి సముద్రతీర పల్లెలో పుట్టి పెరిగారు. ఇంటి ముందు నిలబడ్డ ఏ ప్రాణినీ ఊరికే పంపని మనిషి.

“నోరు తెరిచి అడిగే జీవికి లేదనడం నాకు చేతకాదమ్మా. నువ్వు ఉద్యోగానికి వెళ్ళిపోతావు, రోజంతా నా కాళ్ళ చుట్టూ తిరిగేది వాడే” అన్నారు.

ఆ మాటలో న్యాయం ఉంది. ఆ ఇంట్లో వాడితో ఎక్కువసేపు గడిపే మనిషిని తిండి పెట్టవద్దనడం ఆవిడకూ శిక్షే, వాడికీ శిక్షే. నేను బాగా ఆలోచించి, మూత బిగుతుగా ఉండే ఒక చిన్న స్టీలు డబ్బా ఆవిడ చేతికి ఇచ్చాను. “లేదనొద్దు అత్తయ్యా. వాడి తిండి అంతా మీ చేతిలోనే ఉంటుంది. పొద్దున మీరే తూకం వేసి ఇందులో పోయండి. ఎవరు పెట్టాలన్నా మిమ్మల్ని అడిగి ఇందులోంచే తీసుకోవాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టు.”

ఈ పద్ధతే మమ్మల్ని గట్టెక్కించింది. పెట్టవద్దని ఎవరికీ చెప్పలేదు, ఎవరి ముద్దూ ఆపలేదు, హద్దు డబ్బాకే. అత్తయ్య స్నానం, పూజ కాగానే కళ్ళజోడు పెట్టుకుని తూకం ముందు కూర్చుంటారు. గిన్నె పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, గింజలు పోస్తూ, 26 చూపిస్తే రెండు గింజలు వెనక్కి తీస్తారు. మావారు రాత్రి అలవాటుగా చేయి చాస్తే, “నీ వంతు మధ్యాహ్నమే నీ కూతురు పెట్టేసింది” అని చెప్పడం నేను స్వయంగా విన్నాను. ఆవిడ కాపలా ఉన్నంతకాలం నాకు బెంగ లేదు.

పాలు మాన్పించడం మాత్రం అంత సులువుగా జరగలేదు. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుందని చెప్పినా, “మా ఊళ్ళో పిల్లులన్నీ పాలు తాగే పెరిగాయి” అన్నారు. కొద్దిరోజులు మానేసి చూద్దామని బతిమాలాను. వాడి ఇసుకపెట్టె శుభ్రం చేసేది అత్తయ్యే. వారం తిరక్కుండానే ఆవిడే వచ్చి, “ఎప్పుడూ జారుడుగా ఉండేది, ఇప్పుడు గట్టిపడింది. వాసనా తగ్గింది” అని చెప్పారు. ఆ తరువాత వాడికి పాలు పోయలేదు. మా మామయ్య వచ్చి పోయబోతే చెంబు పక్కకు జరిపింది ఆవిడే.

పక్కింటి అక్కకు చెప్పడం ఇంకా నాజూకు వ్యవహారం. మా పిల్లికి పెట్టకండి అంటే మనసు కష్టపెట్టుకుంటారు, పైగా వాడికి చిన్నప్పుడు జబ్బు చేస్తే రాత్రంతా మాతో కూర్చున్న మనిషి. అందుకని రోజు కోటాలోంచి 5 గ్రాములు ఒక చిన్న డబ్బీలో వేసి పొద్దునే ఆవిడకు ఇవ్వడం మొదలుపెట్టాం. వాడు యథాప్రకారం మధ్యాహ్నం గోడ మీదికి వెళ్తాడు, ఆవిడ యథాప్రకారం పిలిచి పెడతారు. మారింది పదార్థం ఒక్కటే. ఆవిడ వీధిపిల్లుల కోసం గోడ మీద ఎప్పుడూ ఉంచే పళ్ళేన్ని కూడా, అవి తినగానే లోపల పెట్టేస్తున్నారు.

రోజు తిండిని అయిదారు చిన్న వాయిదాలుగా పెడతాం. పిల్లి సహజంగా రోజంతా చిన్నచిన్న వేటలు ఆడి బతికే జంతువు. ఒక ఎలుకలో ఉండేది 30 కేలరీలే. ఒకేసారి పెద్ద భోజనం, ఆ తరువాత ఖాళీ గిన్నె వాడి స్వభావానికి సరిపడవు.

తెల్లవారుజాము అరుపులు భరించడం అందరికంటే మావారికి కష్టమైంది. నాలుగు గంటలకే మంచం పక్కన నిలబడి గొంతెత్తేవాడు. అలవాటైన తిండి రాకపోతే మొదట్లో అరుపులు పెరుగుతాయి, పెరిగిన రోజున లేచి పెడితే ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని నేర్చుకుంటుంది, కాబట్టి ఆ రోజే ఓర్చుకోవాలి అని డాక్టర్ గారు ముందే హెచ్చరించారు. రాత్రి పది దాటాక తాడుకు ఈక కట్టి వాడితో కాసేపు పరుగులు పెట్టించి, ఆ వెంటనే చివరి వాయిదా పెట్టేవాళ్ళం. ఆడి తిన్న పిల్లి పడుకుంటుంది. మా అమ్మాయి చదువుకు లేచినప్పుడు వాడిని పలకరించకుండా, పుస్తకం తెరిచి అరగంట గడిచాకే తన వంతు పెట్టేది. మనిషి లేవడానికీ తిండికీ ఉన్న ముడి అలా తెగింది. కొన్ని వారాలకు అరుపులు ఆగిపోయాయి.

గింజలు గిన్నెలో పోయడం కూడా మానేశాం. కోడిగుడ్ల అట్ట గుంటల్లో ఒక్కొక్కటి వేస్తే పంజాతో తీసుకుని తినాలి. మూత బిగించిన నీళ్ళసీసాకు గింజ పట్టేంత రంధ్రాలు చేసి ఇస్తే దొర్లించుకుంటూ తిరుగుతాడు. ఒక వాయిదా మిద్దె మీద పెడతాం, మెట్లెక్కితేనే తిండి.

తూకం కోసం వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్ళేవాళ్ళం. ఇంట్లో మనుషులు ఎక్కే తూకం మీద పిల్లిని ఎత్తుకుని నిలబడి, తరువాత మన బరువు తీసేయవచ్చు కానీ, 40, 50 గ్రాముల తేడా అందులో తెలియదు. కొట్టు అన్నయ్య కాటా మీద పాత పేపరు పరిచి, గంపతో సహా వాడిని పెట్టనిచ్చేవారు. వాడు కదిలినంతసేపూ అంకెలు పైకీ కిందికీ ఎగురుతాయి. అన్నయ్య పప్పు బస్తా మీద వేలితో గీకి చప్పుడు చేస్తే వాడు చెవులు రిక్కించి అటు చూస్తూ బిగుసుకుపోతాడు, ఆ క్షణంలో అంకె నిలుస్తుంది. గంప బరువు తీసేసి, ఖాతా పుస్తకం చివరి పేజీలో సింగడు అని పేరు పెట్టి ఆయనే రాసేవారు. వారం వారం అంకె చూసి సంబరపడకూడదు, కుంగిపోకూడదు. తాగిన నీళ్ళకు, పోయిన మలానికి కూడా తేడా వస్తుంది. నెల అంకెను నెల అంకెతో పోల్చాలి. సంక్రాంతి తరువాత మొదలుపెడితే, మొదటి నెలకు 200 గ్రాములకు కొంచెం తక్కువ తగ్గాడు. సరిగ్గా అనుకున్న దారి.

వేసవి మొదట్లో ఆ పేజీలో అంకెలు కదలడం మానేశాయి. డబ్బా మారలేదు, తూకం మారలేదు, పిల్లి తగ్గడం లేదు. గింజలు ఇంకా తగ్గిద్దామా అని మావారు అన్నారు. వద్దన్నాను. ఎక్కడి నుంచో వస్తోందని నా నమ్మకం. జవాబు రోహిణి కార్తెలో, చాలా భయపెట్టి మరీ దొరికింది.

ఆ రోజు పొద్దున సింగడు గింజలు ముట్టలేదు. ఎండ దెబ్బేమో అనుకుని గ్రేవీ పెట్టాం. వాసన చూసి, దగ్గరికి వచ్చి, నోరు పెట్టబోయి వెనక్కి తగ్గాడు. పెదవుల పక్క నుంచి చొంగ. అత్తయ్య నేల మీద కూర్చుని, వేలితో తీసి నోటికి అందించినా మొహం తిప్పుకున్నాడు. వేరే పిల్లికైతే ఒక పూట చూద్దాంలే అనుకునేవాళ్ళమేమో. లావున్న పిల్లి తినకపోతే ఏమవుతుందో తెలిసిన ఇల్లు కాబట్టి, సాయంత్రం దాకా ఆగకుండా నడినెత్తిన ఎండలో ఆటో ఎక్కాం. డాక్టర్ గారు నోరు తెరిచి చూసి, పై దవడ పళ్ళ మధ్య అడ్డంగా గుచ్చుకున్న చేపముల్లును పట్టకారుతో తీశారు. సన్నగా, వంకరగా, వేలి కణుపంత ఉంది. “ఈ రెండు రోజులు కేలరీల లెక్క పక్కన పెట్టండి. ఏది తింటే అది పెట్టండి. ముందు తినాలి, బరువు తరువాత” అన్నారు. ఉడికించిన చేపను గోరువెచ్చగా మెత్తగా పిసికి పెట్టమన్నారు. వెచ్చగా ఉంటే వాసన బాగా తెలుస్తుంది. ఆ రాత్రి అత్తయ్య అరచేతిలోంచే నాకి తిన్నాడు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మా ఇంట్లో ముళ్ళు ఏరకుండా పెట్టే వాళ్ళు లేరు. మరి ఆ ముల్లు ఎక్కడిది? మర్నాడు చేపల ఆమెను అడిగితే విషయం తెలిసింది. మా గుమ్మంలో వేయవద్దన్నప్పటి నుంచి ఆమె మా దగ్గర వేయడం మానేసింది. కానీ నాలుగు గడపల అవతల ఇంకొకరికి చేపలు కోసేటప్పుడు వాడు అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు. పాపం ఏమీ తినలేదు కాబోలని తలలు విసిరేది. అంకెలు ఆగిపోవడానికి కారణం అదే. ముల్లు సంగతి విని ఆమె చాలా బాధపడింది. ఎవరూ చెప్పకుండానే ఆ రోజు నుంచి తలలూ పేగులూ ఒక సంచిలో వేసుకుని తీసుకుపోతోంది. తరువాతి నెల కాటా మీద అంకె మళ్ళీ దిగింది.

రొట్టెల పండుగకు ఊరంతా జనం, మా ఇంటినిండా చుట్టాలు. వచ్చిన పిల్లలందరికీ పిల్లికి ఏదో ఒకటి పెట్టాలని ఉంటుంది. మా అమ్మాయి వాడి మెడకు, లాగితే ఊడిపోయే పట్టీ ఒకటి కట్టి, అట్టముక్క మీద “నా తిండి నానమ్మ దగ్గర ఉంది” అని రాసి తగిలించింది. పిల్లలు అత్తయ్య దగ్గర వరుస కట్టి, ఒక్కొక్క గింజ తీసుకుని వెళ్ళి పెట్టారు. ఆ రోజుల్లో బరువు తగ్గలేదు, పెరగనూ లేదు. అది చాలు.

కార్తీక మాసంలో ఇంకో ప్రశ్న వచ్చింది. ఇంట్లో నెలంతా నీచు వండరు. వాడికి కూడా పెరుగన్నం పెడితే బరువు ఇంకా తగ్గుతుందిగా అని చుట్టాలావిడ ఒకరు అన్నారు. పిల్లి మాంసాహారి. గుండెకు, కంటిచూపుకు అవసరమైన టారిన్ అనే పోషకం దానికి మాంసం ద్వారానో, అది కలిపిన పిల్లి ఆహారం ద్వారానో అందాలి. అన్నం, పెరుగు ఆ లోటు తీర్చలేవు. గింజలు, గ్రేవీ యథావిధిగా సాగాయి. ఉడికించిన చేప ఒక్కటే చిక్కు. దాన్ని పక్కింటి అక్క తన ఇంట్లో తీర్చేశారు. నెలంతా ఆవిడే చేప బదులు ఉడికించిన కోడి రొమ్ము ముక్క 12 గ్రాములు, అదే 20 కేలరీలు, తూచి పెట్టారు. తూకం కావాలని మా దగ్గరికి వచ్చి అడిగి తీసుకువెళ్ళారు కూడా.

ఏడాది చివరికి సింగడు 5 కిలోల 100 గ్రాములు. వీపు వెంట్రుకలు నున్నగా మెరుస్తున్నాయి, తోక మొదలుదాకా తనే నాక్కుంటున్నాడు. తొట్టి, కిటికీ అవసరం లేకుండా నేల మీద నుంచే పిట్టగోడ ఎక్కుతున్నాడు. వెనుక కాళ్ళ ముందు పొట్ట కింద ఒక సంచి మాత్రం ఇంకా ఊగుతోంది. ఇంకా కొవ్వు ఉందేమో అని అడిగితే, అది పిల్లులకు సహజంగా ఉండే వదులు చర్మమని, సన్నటి పిల్లులకూ ఉంటుందని, దాన్ని చూసి తిండి తగ్గించవద్దని డాక్టర్ గారు చెప్పారు. పక్కటెముకలు తడిమి 5 వేశారు.

ఇప్పుడు నెలకొకసారే కాటా ఎక్కుతున్నాడు. ఇకపై తగ్గకుండా నిలవాలి కాబట్టి గింజలు 25 నుంచి 32 గ్రాములకు పెంచి, రెండు వారాలు చూసి, అవసరమైతే సర్దమన్నారు. పెరిగిన 7 గ్రాములు ఎవరి వంతుకు వెళ్ళాలన్నది అత్తయ్యే తేల్చారు. పక్కింటి అక్కకు 4, మా అమ్మాయికి 3.